మూలికలను పులియబెట్టి యాంటీఆక్సిడెంట్ గుణం పెంచడం ఎలా?

మునగ ఆకులో క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థం ఉంటుందని అందరూ రాస్తారు. అది ఆకులో ఏ రూపంలో ఉంటుందో అరుదుగా రాస్తారు. ఆకులో ఉన్న క్వెర్సెటిన్ దాదాపుగా అంతా ఒక చక్కెర అణువుకు అతుక్కుని, గ్లైకోసైడు రూపంలో ఉంటుంది. మొక్కకు అదే సౌకర్యం. చక్కెర తగిలించుకున్న పదార్థం నీటిలో తేలికగా కరుగుతుంది, కణంలోని రసకోశంలో భద్రంగా దాగుతుంది. మనం ఆశించే చురుకుదనంలో కొంత భాగం మాత్రం ఆ చక్కెర కూర్చున్న చోటే మూతపడి ఉంటుంది. కిణ్వనంతో, అంటే పులియబెట్టడంతో, యాంటీఆక్సిడెంట్ గుణాన్ని పెంచడమంటే సూక్ష్మజీవుల ఎంజైముల చేత ఆ మూత తీయించడమే.

అందుకే ఈ పనిలో మొదటి ప్రశ్న "ఎన్ని రోజులు పులియబెట్టాలి?" అన్నది కాదు, "ఏ బంధాన్ని తెంచాలి?" అన్నది. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా మొదలైన ప్రయోగాలను చాలా చూశాను. అవి ఏదో ఒక అంకెతో ముగుస్తాయి. ఆ అంకె ఎందుకు పెరిగిందో, తర్వాతి వారం అదే పని చేస్తే ఎందుకు తగ్గిందో చేసినవారే చెప్పలేకపోతారు. అంత శ్రమ అలా వృథా కావడం నాకు బాధ కలిగిస్తుంది. కింద చెప్పే పద్ధతి ఒక మామూలు కళాశాల ప్రయోగశాలలో చేయగలిగినది. ఆటోక్లేవు, ఇంక్యుబేటరు, పీహెచ్ మీటరు, సెంట్రిఫ్యూజి, స్పెక్ట్రోఫోటోమీటరు ఉంటే చాలు. ఉదాహరణకు మునగ ఆకును, లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాను తీసుకుంటున్నాను.

1. మొక్కలో ఏ బంధం ఉందో గుర్తించండి

మీరు ఎంచుకున్న మొక్కలోని ప్రధాన ఫినాలిక్ పదార్థాలు (క్వెర్సెటిన్ వంటి యాంటీఆక్సిడెంట్లు) ఏమిటో ముందుగా పరిశోధన పత్రాల్లో వెతకండి. పేర్లతో ఆగిపోకుండా, అవి దేనికి అతుక్కుని ఉన్నాయో కూడా చూసి రాసుకోండి.

మునగ ఆకులోలా ఒక గ్లూకోజు ఆక్సిజన్ వంతెనతో అతుక్కుని ఉంటే బీటా-గ్లూకోసిడేజ్ అనే ఎంజైము దాన్ని తెంచుతుంది. రూటిన్‌లో క్వెర్సెటిన్‌కు గ్లూకోజు, దాని చివర రామ్నోజు అనే మరో చక్కెర ఉంటాయి. అక్కడ బీటా-గ్లూకోసిడేజ్ ఒక్కటే సరిపోదు, రామ్నోజును ఊడదీసే ఎంజైము కూడా కావాలి. కరక్కాయ, ఉసిరి వంటి వాటిలో గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం పెద్ద టానిన్లలో (వగరునిచ్చే పదార్థాల్లో) భాగంగా ఉంటాయి. వాటి ఎస్టర్ బంధాలను తెంచడం టానేజ్ పని. తవుడు, ఊక, పీచు ఎక్కువగా ఉన్న భాగాల్లో ఫెరూలిక్ ఆమ్లం కణకవచానికి కుట్టేసినట్టు ఉంటుంది. దానికి ఫెరులోయిల్ ఎస్టరేజ్ కావాలి. అతిమధురంలోని గ్లిసిరైజిన్‌లో అతుక్కుని ఉన్నది గ్లూకురోనిక్ ఆమ్లం కాబట్టి అక్కడ గ్లూకురోనిడేజ్ కావాలి.

కొన్ని మొక్కల్లో ఈ మార్గం పనిచేయదు. మామిడి ఆకులోని మాంజిఫెరిన్, అనేక మొక్కల్లో ఉండే వైటెక్సిన్ వంటి వాటిలో చక్కెర నేరుగా కార్బన్‌కు అతుక్కుని ఉంటుంది. మామూలు గ్లూకోసిడేజులు ఆ బంధాన్ని తాకలేవు. ముదురు ఎరుపు, ఊదా రంగు పూలు, పండ్లలోని ఆంథోసయనిన్ల సంగతి ఇంకా వేరు. వాటికి చక్కెరే రక్షణ. అది ఊడితే మిగిలే పదార్థం నిలకడ లేక విరిగిపోతుంది, రంగు వెలిసిపోతుంది. అలాంటి మొక్కకు గ్లూకోసిడేజ్ బలంగా ఉన్న బాక్టీరియాను వేస్తే ఉన్నది కూడా పోతుంది.

ఇంకా ముఖ్యమైనది ప్రమాదం. చేదు బాదం, ఆప్రికాట్ గింజల్లో అమిగ్డాలిన్ అనే గ్లైకోసైడు ఉంటుంది. దాని చక్కెరలను అదే బీటా-గ్లూకోసిడేజ్ ఊడదీస్తే చివరకు హైడ్రోజన్ సయనైడ్ విడుదలవుతుంది. బంధం తెంచడం అన్నిచోట్లా మేలు కాదు. మొక్కలో విషపదార్థాలు, ఆల్కలాయిడ్లు, సయనైడును విడిచే గ్లైకోసైడులు ఉన్నాయని తెలిస్తే ఆ మొక్కను పక్కన పెట్టి మరొకటి తీసుకోండి.

2. ఆ బంధాన్ని తెంచగల సూక్ష్మజీవిని వెతకండి

మొదటిసారి చేస్తున్నవారికి నేను సూచించేది లాక్టోబాసిల్లస్ ప్లాంటారం. 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడగొట్టిన తర్వాత దాని అధికారిక పేరు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారం అయింది. పాత పత్రాల్లో పాత పేరే కనిపిస్తుంది, కంగారు పడకండి. ఇది సహజంగా మొక్కల మీద బతికే జీవి. ఫినాలిక్ పదార్థాలను తట్టుకుంటుంది. త్వరగా ఆమ్లాన్ని తయారుచేసి చెడు సూక్ష్మజీవులను అణచివేస్తుంది. దాని చాలా స్ట్రెయిన్లలో (ఒకే జాతిలోని ఉపరకాల్లో) గ్లూకోసిడేజ్, టానేజ్ రెండూ ఉంటాయి.

ఈస్టు బాగా పెరుగుతుంది, అది చేసే ఆల్కహాలు కొన్ని పదార్థాలను మొక్క నుంచి బయటికి లాగుతుంది కూడా. అయితే మామూలు రొట్టెల ఈస్టులో బీటా-గ్లూకోసిడేజ్ సాధారణంగా బలహీనం. బాసిల్లస్ సబ్టిలిస్ ఎంజైముల విషయంలో ధనవంతురాలే కానీ, ప్రోటీన్లను విరిచి అమ్మోనియా విడుదల చేయడం వల్ల పీహెచ్ పైకి పోతుంది. క్షార వాతావరణంలో క్వెర్సెటిన్, గాలిక్ ఆమ్లం గాలి తగిలి త్వరగా పాడవుతాయి. ఆస్పర్జిల్లస్ జాతి బూజులు కణకవచాన్ని, టానిన్లను, రూటిన్‌ను కూడా విరగ్గొట్టగలవు. శక్తి ఎక్కువ, జాగ్రత్తా ఎక్కువే. ఆస్పర్జిల్లస్ నైగర్‌లో కొన్ని స్ట్రెయిన్లు విషపదార్థమైన ఆక్రటాక్సిన్‌ను తయారుచేస్తాయి. గాలిలోంచి దానంతట అది వచ్చి పెరిగిన బూజును ఎప్పుడూ వాడకండి. ఏ జీవినైనా గుర్తింపు ఉన్న సూక్ష్మజీవుల నిల్వ కేంద్రం నుంచి, స్ట్రెయిన్ సంఖ్యతో సహా తెచ్చుకోండి. ఒకే జాతిలో రెండు స్ట్రెయిన్ల మధ్య తేడా ఒక్కోసారి రెండు జాతుల మధ్య తేడాకన్నా పెద్దది.

తెచ్చుకున్న స్ట్రెయిన్‌లో గ్లూకోసిడేజ్ ఉందో లేదో తక్కువ ఖర్చుతో చూడవచ్చు. ఎస్కులిన్, ఫెర్రిక్ సిట్రేట్ కలిపిన అగర్ పళ్లెం మీద దాన్ని పెంచండి. ఎంజైము ఉంటే ఎస్కులిన్ నుంచి చక్కెర ఊడి, మిగిలినది ఇనుముతో కలిసి చుట్టూ నల్లటి వలయం ఏర్పడుతుంది. రెండు, మూడు స్ట్రెయిన్లు ఉంటే వలయం పెద్దగా వచ్చిన దానితో మొదలుపెట్టండి. ఎస్కులిన్‌ను తెంచిన ఎంజైము మీ మొక్కలోని ఫ్లేవనాయిడును (క్వెర్సెటిన్ కుటుంబపు పదార్థాన్ని) కూడా తెంచుతుందన్న హామీ లేదు. లాక్టిక్ బాక్టీరియాలో చాలా గ్లూకోసిడేజులు కణం లోపలే ఉండి, ముందుగా ఫాస్ఫేటు తగిలించుకున్న చక్కెరలనే తెంచుతాయి. పళ్లెం మీది పరీక్ష వడపోతకు మాత్రమే. అసలు రుజువు ఎనిమిదో మెట్టులో వస్తుంది.

3. ఆకును సిద్ధం చేయండి

తెగులు లేని ఆకులు కోసి, శుభ్రమైన నీటితో కడిగి, నీడలో గానీ 45 డిగ్రీల సెల్సియస్‌కు మించని ఓవెన్‌లో గానీ ఆరబెట్టండి. తేమ 10 శాతం కన్నా తక్కువకు రావాలి. నలిపితే గలగలలాడుతూ విరగాలి, మెత్తగా వంగితే ఇంకా ఆరలేదని అర్థం. పొడి చేసి 60 మెష్ (అంగుళానికి 60 రంధ్రాలుండే) జల్లెడ పట్టండి. పొడి సమానంగా లేకపోతే ఒక సీసాకూ మరో సీసాకూ అంకెలు పొంతన లేకుండా వస్తాయి. ఒక ప్రయోగానికి సరిపడా పొడినంతా ఒకేసారి చేసుకుని, కలిపి, గాలి చొరని డబ్బాలో చీకట్లో ఉంచండి.

ప్రతి సీసాకు 5 గ్రాముల పొడి తీసుకుని, నీరు చేర్చి 89 మిల్లీలీటర్లు చేయండి. మూత కొద్దిగా వదులుగా ఉంచి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవు చేయండి. మరో పాత్రలో 10 శాతం గ్లూకోజు ద్రావణాన్ని విడిగా ఆటోక్లేవు చేసి, చల్లారాక ఒక్కో సీసాకు 10 మిల్లీలీటర్లు శుభ్రమైన వాతావరణంలో కలపండి. రెండూ కలిపి వేడిచేస్తే పని తగ్గుతుంది కదా అనిపిస్తుంది. మునగ ఆకులో ప్రోటీను చాలా ఎక్కువ. గ్లూకోజుతో కలిపి అంత వేడి చేస్తే రెండూ చర్య జరిపి గోధుమరంగు పదార్థాలు పుడతాయి. వాటికి సొంతంగా యాంటీఆక్సిడెంట్ గుణం ఉంటుంది, మీ లెక్కలో దొంగచాటుగా చేరిపోతుంది.

గ్లూకోజు 1 శాతం దాటించకండి. బాక్టీరియాకు తేలికైన తిండి సమృద్ధిగా దొరికితే గ్లైకోసైడుల జోలికి పోవలసిన అవసరం దానికి ఉండదు. గ్లూకోజు ఉన్నంతసేపు గ్లూకోసిడేజ్ తయారీని చాలా బాక్టీరియాలు అణచి ఉంచుతాయి. పులియడం మొదలుకావడానికి కొంత, ఆ తర్వాత ఆకలి పుట్టడానికి కొంత అన్నట్టు లెక్క ఉండాలి.

లవంగం, యూకలిప్టస్, వాము వంటి సుగంధ తైలాలున్న మొక్కలైతే 5 శాతం పొడి కూడా బాక్టీరియాను చంపేయవచ్చు. 1 శాతంతో మొదలుపెట్టి, పెరుగుదల చూసి పెంచండి.

4. తోడు తయారుచేయండి

లాక్టిక్ బాక్టీరియాను పెంచే ఎంఆర్ఎస్ అనే పోషక ద్రావణంలో బాక్టీరియాను 37 డిగ్రీల దగ్గర 18 గంటలు పెంచండి. అప్పటికి సాధారణంగా మిల్లీలీటరుకు 100 కోట్ల దాకా కణాలు ఉంటాయి. 10 నిమిషాలు సెంట్రిఫ్యూజి చేసి పైద్రావణం పారబోయండి. అడుగున మిగిలిన ముద్దను 0.85 శాతం ఉప్పు నీటితో రెండుసార్లు కడిగి, మొదట ఉన్నంత పరిమాణం ఉప్పు నీటిలోనే కలపండి. 99 మిల్లీలీటర్ల సీసాకు ఈ తోడు 1 మిల్లీలీటరు వేస్తే మిల్లీలీటరుకు సుమారు కోటి కణాలతో కిణ్వనం మొదలవుతుంది. అంచనాతో వదిలేయకుండా, పలుచన చేసి పళ్లెం మీద పరచి లెక్కపెట్టండి.

కడగడం ఎందుకంటే, ఎంఆర్ఎస్ ద్రావణంలో ఈస్టు సారం, మాంసపు సారం, పెప్టోను ఉంటాయి. ఇవన్నీ యాంటీఆక్సిడెంట్ పరీక్షల్లో తమ వంతు రంగు మార్పు చూపిస్తాయి. నేను తొలిరోజుల్లో కడగకుండా, పదో వంతు తోడు వేసి చేసిన ఒక ప్రయోగంలో అంకెలు అద్భుతంగా పెరిగాయి. మొక్క లేని సీసాను పరీక్షించాక, ఆ పెరుగుదలలో పెద్ద భాగం ద్రావణానిదేనని తేలింది. మూడు వారాల పని మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది.

5. పోల్చి చూసే సీసాలు పెట్టండి

నా దృష్టిలో ఈ ప్రయోగం విలువ అంతా ఇక్కడే ఉంది. పులిసిన సీసాను ఎండిన ఆకు పొడితో పోల్చి "ఇంత పెరిగింది" అని రాయడం న్యాయం కాదు. ఎందుకంటే ఆ రెండింటి మధ్య ఆటోక్లేవు వేడి, రెండు రోజుల నానుడు, ఆమ్లం కూడా ఉన్నాయి. వేడి ఒక్కటే కొన్ని బంధించి ఉన్న ఫినాలిక్ పదార్థాలను విడిపించగలదు. నానబెట్టడం మరికొన్నిటిని బయటికి తెస్తుంది. ఆమ్లం ఇంకొన్నిటిని. వీటిలో బాక్టీరియా వాటా ఎంతో వేరుచేయాలంటే కింది సీసాలు తప్పనిసరి:

- ఆకు, గ్లూకోజు, తోడు ఉన్న అసలు సీసా.
- అవే ఉండి, తోడు బదులు 1 మిల్లీలీటరు ఉప్పు నీరు వేసి, అదే వేడిలో అంతే సేపు ఉంచిన సీసా.
- తోడు లేకుండా, లాక్టిక్ ఆమ్లంతో పీహెచ్‌ను పులిసిన సీసా స్థాయికి దించి, అలాగే ఉంచిన సీసా.
- ఆకు లేకుండా గ్లూకోజు నీటిలో తోడు వేసిన సీసా.

మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. దాన్ని మాత్రం వదలకండి. లాక్టిక్ ఆమ్లం కలిపిన సీసాలోనూ పులిసిన సీసాలోనూ ఒకే అంకె వస్తే, ఆ మార్పు తెచ్చింది ఎంజైము కాదు, పులుపు. అప్పుడు కిణ్వనం అవసరమే లేదు.

ప్రతి రకానికి మూడు సీసాలు పెట్టండి. ఒకే సీసాలోంచి మూడుసార్లు తీసి కొలిస్తే మీ చేతి నిలకడ తెలుస్తుంది గానీ కిణ్వనం నిలకడ తెలియదు.

6. పులియబెట్టండి

100 మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ పట్టే స్క్రూ మూత సీసాలు వాడండి. పైన ఖాళీ తక్కువగా ఉంటే లోపల గాలి తక్కువ, విడుదలైన పదార్థాలు ఆక్సీకరణ చెందడమూ తక్కువ. ఈస్టు వాడితే మాత్రం వాయువు పోయే దారి ఉండాలి, లేకపోతే సీసా పగులుతుంది.

37 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచండి. 0, 12, 24, 36, 48, 72 గంటలకు నమూనాలు తీయండి. ఒకే సీసాను మళ్లీ మళ్లీ తెరవకుండా ఒక్కో సమయానికి విడి సీసాలు పెట్టుకోవడం మంచిది. సీసాలు ఎక్కువైపోతాయనుకుంటే మొదటి విడతలో 0, 24, 48 గంటలతో సరిపెట్టుకోండి. ప్రతిసారీ పీహెచ్, జీవకణాల సంఖ్య, రంగు, వాసన రాసుకోండి. ఆకుపచ్చ రంగు ఆలివ్ గోధుమ రంగుకు మారడం సహజమే. ఆమ్లానికి పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోవడం వల్ల అలా అవుతుంది. వాసన పుల్లగా, శుభ్రంగా ఉండాలి. 24 గంటలకు పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగకపోయినా, కుళ్లు వాసన వచ్చినా, పైన పొర కట్టినా ఆ సీసాను ఆటోక్లేవు చేసి పారేయండి. బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధ కలిగించే క్లాస్ట్రిడియం 4.6 కింద పెరగదు కాబట్టి ఆ అంకెను గీత గీసినట్టు పాటించాలి.

ఎక్కువ రోజులు ఉంచితే ఎక్కువ ఫలితం వస్తుందన్న నమ్మకం చాలా బలంగా ఉంది. జరిగేది వేరు. గ్లైకోసైడు తెగి విడుదలైన పదార్థం అక్కడే ఆగదు, బాక్టీరియా దాన్ని ఇంకా మారుస్తుంది. కెఫిక్ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడును తీసేసి వినైల్ కెటెకాల్‌గా, ఫెరూలిక్ ఆమ్లాన్ని వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తుంది. అందుకే యాంటీఆక్సిడెంట్ గుణం తరచుగా ఒక శిఖరానికి చేరి తర్వాత దిగుతుంది. ఆ శిఖరం మీ మొక్కకు ఎన్ని గంటల దగ్గర ఉందో మీరే కనుక్కోవాలి.

టానిన్లున్న మొక్కలతో పనిచేసేవారు ఇక్కడ ప్రత్యేకంగా ఆగాలి. ప్లాంటారం టానేజ్‌తో గాలిక్ ఆమ్లాన్ని విడిపించి, మరో ఎంజైముతో దాన్ని పైరోగాలాల్‌గా మార్చగలదు. పైరోగాలాల్ యాంటీఆక్సిడెంట్ పరీక్షలో చాలా బలంగా కనిపిస్తుంది. అది విషపూరితం కూడా. అంకె పెరిగిందని సంతోషించే ముందు ఏ పదార్థం వల్ల పెరిగిందో తెలుసుకోవలసిన అవసరానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బూజుతో ఘన కిణ్వనం చేయాలనుకుంటే, 50 నుంచి 60 శాతం తేమ ఉండేలా పొడిని తడిపి, పలుచటి పొరగా పరచి, 28 నుంచి 30 డిగ్రీల దగ్గర కొన్ని రోజులు ఉంచుతారు. బూజు పెరిగేటప్పుడు మధ్యలో వేడి పుడుతుంది కాబట్టి రోజుకొకసారి కలపాలి. మిగతా మెట్లన్నీ ఇవే.

7. సారం తీయండి

సెంట్రిఫ్యూజి చేసి పైన తేటనీటిని మాత్రమే పరీక్షించడం ఇక్కడ జరిగే అతి సాధారణమైన పొరపాటు. చక్కెర ఉన్నంతవరకు క్వెర్సెటిన్ నీటిలో కరిగి ఉంటుంది. చక్కెర ఊడాక దానికి నీరు పడదు, అడుగుకు చేరి ఆకు పిప్పితో కలిసిపోతుంది. అంటే కిణ్వనం ఎంత బాగా జరిగితే తేటనీటిలో అంకె అంత తగ్గవచ్చు. పనిచేసిన ప్రయోగాన్ని విఫలమైందనుకుని పారేసినవారు ఉన్నారు.

కాబట్టి సీసాను బాగా కుదిపి, పిప్పితో సహా 10 మిల్లీలీటర్లు తీసుకోండి. దానికి 95 శాతం ఇథనాల్ 28 మిల్లీలీటర్లు కలిపితే మొత్తం సుమారు 70 శాతం ఇథనాల్ అవుతుంది. గది ఉష్ణోగ్రతలో, చీకట్లో గంటసేపు కుదిపి సెంట్రిఫ్యూజి చేయండి. మిగిలిన పిప్పిని కొద్దిగా 70 శాతం ఇథనాల్‌తో మరోసారి కడిగి, రెండు ద్రావణాలు కలిపి 50 మిల్లీలీటర్లకు తెండి. మొదట 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల పొడి వేశాం కాబట్టి ఈ సారం ప్రతి మిల్లీలీటరూ 10 మిల్లీగ్రాముల అసలు ఆకు పొడికి సమానం.

ఫలితాలన్నీ ఈ అసలు పొడి బరువు మీదే లెక్కించండి. ఎండబెట్టిన సారం గ్రాముకు లెక్కిస్తే మోసపోతాం. బాక్టీరియా చక్కెరలను తినేస్తుంది, సారం బరువు తగ్గుతుంది. కొత్తగా ఏదీ పుట్టకపోయినా గ్రాముకు అంకె పెరిగినట్టు కనిపిస్తుంది.

8. కొలవండి, బంధం తెగిందో చూడండి

మొత్తం ఫినాలిక్ పదార్థాలకు, వాటితో రంగు ఇచ్చే ఫోలిన్ ద్రావణపు పద్ధతి వాడండి. తగినంత పలుచన చేసిన సారం 0.5 మిల్లీలీటరుకు, పది రెట్లు పలుచన చేసిన ఫోలిన్ ద్రావణం 2.5 మిల్లీలీటర్లు కలిపి, ఐదు నిమిషాల తర్వాత 7.5 శాతం సోడియం కార్బొనేట్ 2 మిల్లీలీటర్లు చేర్చి, చీకట్లో గంటసేపు ఉంచి స్పెక్ట్రోఫోటోమీటరులో 765 నానోమీటర్ల దగ్గర చదవండి. గాలిక్ ఆమ్లంతో ప్రమాణ రేఖ గీసుకోండి. ఈ ద్రావణం ఫినాలిక్ పదార్థాలతోనే కాక ప్రోటీన్లలోని టైరోసిన్‌తో, విటమిన్ సి వంటి వాటితో కూడా రంగు ఇస్తుంది. ప్రోటీన్లు విరిగే కిణ్వనంలో, అందులోనూ మునగ వంటి ఆకులో, ఫోలిన్ అంకెను ఒంటరిగా నమ్మకూడదు.

డీపీపీహెచ్ పరీక్షకు (యాంటీఆక్సిడెంటు తగిలితే రంగు పోయే రసాయనం ఇది) 3.9 మిల్లీగ్రాముల డీపీపీహెచ్ పొడిని 100 మిల్లీలీటర్ల మెథనాల్‌లో కరిగిస్తే 0.1 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. ముదురు ఊదా రంగులో, 517 నానోమీటర్ల దగ్గర 1 చుట్టుపక్కల రీడింగ్ ఇస్తుంది. దాన్ని 3 మిల్లీలీటర్లు తీసుకుని సారం 0.1 మిల్లీలీటరు కలిపి, 30 నిమిషాలు చీకట్లో ఉంచి చదవండి. సారం బదులు 70 శాతం ఇథనాల్ వేసినది మీ మొదటి రీడింగ్. అందులోంచి నమూనా రీడింగ్ తీసేసి, మొదటి రీడింగ్‌తో భాగించి, 100తో హెచ్చిస్తే శాతం వస్తుంది. కనీసం ఐదు పలుచనలు చేసి సగం రంగును పోగొట్టే గాఢతను కనుక్కోండి. ఆ గాఢత ఎంత తక్కువైతే గుణం అంత ఎక్కువ. ప్రతి నమూనాకూ డీపీపీహెచ్ లేకుండా మెథనాల్‌తో ఒక ఖాళీ రీడింగ్ తీసి తీసివేయండి. పులిసిన ఆకు రంగు, పులియని ఆకు రంగు ఒకటి కావు కాబట్టి రెండింటికీ ఒకే ఖాళీ రీడింగ్ పనికిరాదు.

దీనికి తోడుగా ఇంకొక పరీక్ష తప్పక చేయండి. డీపీపీహెచ్ చర్య వేగం ద్రావణంలో ఉన్న ఆమ్లాన్ని బట్టి తగ్గుతుంది, పులిసిన నమూనాలకు అది అన్యాయం. ఫెర్రిక్ ఇనుమును క్షయకరించే శక్తిని కొలిచే ఫ్రాప్ పద్ధతి ఎలాగూ 3.6 పీహెచ్ నిలిపి ఉంచే బఫరు ద్రావణంలోనే జరుగుతుంది కాబట్టి ఆ తేడా పెద్దగా ఉండదు. ఎసిటేట్ బఫరు పది వంతులు, 10 మిల్లీమోలార్ టీపీటీజెడ్ (ఇనుముతో నీలి రంగు ఇచ్చే రసాయనం) ఒక వంతు, 20 మిల్లీమోలార్ ఫెర్రిక్ క్లోరైడు ఒక వంతు అప్పటికప్పుడు కలిపి, సారం చేర్చి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, 593 నానోమీటర్ల దగ్గర నీలి రంగును చదవాలి. రెండు పరీక్షలూ ఒకే దిశలో కదిలితే నమ్మకం పెరుగుతుంది. ఎదురెదురుగా కదిలితే రెండూ రాయండి, నచ్చినది ఒక్కటే రాయకండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. బంధం తెగిందా? పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ అందుబాటులో ఉంటే గ్లైకోసైడు శిఖరం తగ్గుతూ, దాని తర్వాత వెలువడే క్వెర్సెటిన్ శిఖరం పెరుగుతూ ఉండటం నేరుగా చూడవచ్చు. అది లేకపోయినా సిలికా పూసిన పలక ఒకటి చాలు, దాని మీద పదార్థాలు వేర్వేరు ఎత్తులకు పాకుతాయి. పలక అడుగున శుద్ధ రూటిన్, శుద్ధ క్వెర్సెటిన్, 0 గంటల సారం, 24, 48 గంటల సారాలు చుక్కలుగా పెట్టండి. ఇథైల్ ఎసిటేట్ 100, ఫార్మిక్ ఆమ్లం 11, ఎసిటిక్ ఆమ్లం 11, నీరు 26 పాళ్లలో కలిపిన ద్రావకంలో నడిపించండి. చక్కెర ఉన్నవి కిందనే ఆగుతాయి, చక్కెర ఊడినవి ద్రావకంతోపాటు దాదాపు పైఅంచుకు చేరతాయి. ఎండాక నేచురల్ ప్రొడక్ట్ రియేజెంట్ (ఫ్లేవనాయిడులను వెలిగించి చూపే రసాయనం) చల్లి 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో చూస్తే క్వెర్సెటిన్ జాతి నారింజ రంగులో, కెంప్ఫెరాల్ (మరో ఫ్లేవనాయిడు) జాతి పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలుగుతాయి. గంట గంటకూ కింది చుక్క మసకబారి పైచుక్క వెలగడం మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆనందం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అంకె పెరిగి, చుక్క కూడా కదిలితే మీ కిణ్వనం పనిచేసింది. అంకె పెరిగి చుక్క కదలకపోతే, ఆమ్లపు సీసానూ ఆకు లేని సీసానూ మళ్లీ చూడండి.

9. నిల్వ, భద్రత

చక్కెర ఊడిన ఫ్లేవనాయిడు గాలికి, వెలుతురుకు, క్షారానికి త్వరగా లొంగుతుంది. పూర్తయిన సీసాలను వెంటనే చల్లబరచి, పీహెచ్ పెరగనీయకుండా 4 డిగ్రీల దగ్గర ముదురు రంగు సీసాల్లో ఉంచండి. ఎక్కువకాలం కావాలంటే శీతల శుష్కీకరణ చేసి, గాలి తీసిన సంచుల్లో మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచండి. నెల తర్వాత మళ్లీ కొలవండి. మొదటి రోజు అంకె మాత్రమే రాసిన పత్రం వాడేవారికి ఉపయోగపడదు.

పరీక్షకు వాడిన సారాన్ని ఎవరూ నోట పెట్టకూడదు, మెథనాల్ తగిలినది అసలే కూడదు. ఎవరైనా తీసుకునే ఉత్పత్తిగా చేయాలంటే కోలిఫాం, సాల్మొనెల్లా పరీక్షలు, బూజు వాడితే విషాల పరీక్షలు, ప్రోటీను ఎక్కువ ఉన్న మొక్కైతే హిస్టమిన్ వంటి అమైన్ల పరీక్ష, ఆపైన విషప్రభావ పరీక్షలు, మీ దేశంలోని అనుమతులు అన్నీ కావాలి. పులియబెట్టడం వల్ల ఒక పదార్థం శరీరంలోకి ఎక్కువగా చేరితే, అది ఇతర మందుల పనిలో జోక్యం చేసుకునే అవకాశం కూడా మారుతుంది. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా ఇలాంటివి తీసుకోరాదు.

పరీక్షనాళికలో రంగు పోవడం, మనిషి శరీరంలో మేలు జరగడం ఒకటి కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల ఓరాక్ విలువల (పరీక్షనాళికలో కొలిచిన యాంటీఆక్సిడెంట్ సామర్థ్యపు అంకెల) పట్టికను 2012లో తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. ఆ అంకెలను వ్యాపార ప్రకటనల్లో దుర్వినియోగం చేస్తున్నారని, శరీరంలో మేలుకు అవి సూచిక కావని కారణం చెప్పింది. మీ నివేదికలో "ఈ స్ట్రెయిన్‌తో, ఇన్ని గంటలకు, ఈ గ్లైకోసైడు ఇంత తగ్గి, ఈ పదార్థం ఇంత పెరిగింది, ఆమ్లపు సీసాతో పోలిస్తే ఫ్రాప్ విలువలో తేడా ఇంత" అని రాయండి. వ్యాధి పేరు ఒక్కటి కూడా అందులో ఉండనక్కరలేదు.